జీతంతో పాటు ఇంకేమేమి పోయాయి? ఉద్యోగం లేని కాలానికి ఒక నోటుపుస్తకం పద్ధతి

ఉద్యోగం పోయినవారికి అందరూ ఇచ్చే మొదటి సలహా "ఖాళీగా మాత్రం కూర్చోకు" అన్నది. అది వింటే నాకు చిరాకు. అల్మారాలు సర్దడం, ఫోనులో పాత ఫొటోలు ఏరి చెరపడం, గేటుకు రంగు వేయడం, ఇవన్నీ ఖాళీగా కూర్చోకపోవడమే. వారమంతా ఇలాంటి పనుల్లో తలమునకలైన మనిషి కూడా వారం చివర డీలా పడిపోతాడు. ఉద్యోగంతో పోయేది ఒకే ఒక్క వస్తువు కాదు. కొన్ని విడివిడిగా పోతాయి. ఏవి పోయాయో చూసుకోకుండా ఏదో ఒకటి చేస్తూ పోతే గొయ్యి ఒకచోట, మట్టి పోసేది ఇంకోచోట అవుతుంది.

నేను చాలా ఏళ్లు ఒక సంస్థలో సిబ్బంది విభాగం చూశాను. మనుషులను తీసుకునే కాగితాలు, పంపించే కాగితాలు రెండూ నా బల్ల మీదుగానే వెళ్లేవి. ఆ తర్వాత మనస్తత్వశాస్త్రం చదివి, ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటున్నవారి చిన్న బృందంతో వారం వారం కూర్చుంటున్నాను. వాళ్ల చేత రాయించే పద్ధతినే ఇక్కడ చెబుతున్నాను. ఇందులో ఉత్సాహపరిచే మాటలు తక్కువ, పెన్సిలుతో చేసే పని ఎక్కువ. దాదాపు తొంభై ఏళ్ల పరిశోధనలో నాకు గట్టిగా నిలబడినట్లు అనిపించిన వాటినే తీసుకున్నాను. కావలసింది ఒక నోటుపుస్తకం, వారానికి ఒక గంట.

ముందు డబ్బు

మనసు గురించి చెబుతానని డబ్బుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నిరుద్యోగుల మానసిక స్థితి గురించి రాసేవాళ్లలో చాలామంది డబ్బును పక్కన పెట్టి క్రమశిక్షణ, సానుకూల దృక్పథం అంటూ మొదలుపెడతారు. 1980లలో డేవిడ్ ఫ్రయర్ అనే మనస్తత్వవేత్త దీన్ని సూటిగా తప్పుపట్టారు. నిరుద్యోగంలో మనిషిని కుంగదీసే వాటిలో పేదరికమూ, రేపటిని గురించి ఏ నిర్ణయమూ తీసుకోలేని స్థితీ ప్రధానమని ఆయన వాదన. మనిషి సహజంగా ముందుచూపుతో పనులు తలపెట్టేవాడు. చేతిలో డబ్బు లేకపోతే, వచ్చే నెల ఏమవుతుందో తెలియకపోతే ఆ తలపెట్టే శక్తికే సంకెళ్లు పడతాయి. నా బృందంలో నేను చూసేదీ ఇదే. ఎంత డబ్బు ఉందో తెలిసినవాడికి ఎంతో కొంత నిద్ర పడుతుంది. తెలియనివాడికి అసలు పట్టదు.

అందుకని నోటుపుస్తకం మొదటి పేజీలో మూడు అంకెలు రాయండి. చేతిలో, బ్యాంకులో ఉన్నది ఎంత, నెలకు తప్పనిసరిగా పోయేది ఎంత, మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే ఎన్ని నెలలు వస్తాయి. మూడో అంకె చిన్నదైనా సరే, రాయండి. దాని కింద రావలసిన బకాయిలు, దరఖాస్తు చేసుకోదగిన ప్రభుత్వ సాయం, వాయిదా గడువు పెంచమని అడగదగిన అప్పులు రాయండి. అప్పు ఇచ్చినవారితో గడువు దాటకముందే మాట్లాడటం సులువు, దాటాక కష్టం. ఈ పేజీని ఇంట్లో కనీసం ఒక్కరికి చూపించండి. రోజూ ఆఫీసు వేళకు తయారై బయలుదేరి సాయంత్రం దాకా ఎక్కడో గడిపి వచ్చేవాళ్లు నేను విన్నదానికంటే ఎక్కువే ఉంటారు. ఆ నటనకు ఖర్చయ్యే శక్తితో రెండు ఇంటర్వ్యూలకు సిద్ధం కావచ్చు.

ఎంత బాగున్నారో కొలుచుకోండి

రెండో పేజీకి ఒక చిన్న కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో అయిదు వాక్యాల ప్రశ్నావళి ఒకటి తెచ్చింది. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుగ్గా అనిపించిందా, నిద్ర లేచేసరికి అలసట తీరి ఉందా, రోజువారీ జీవితంలో నాకు ఆసక్తి కలిగించే విషయాలు ఉన్నాయా అని అయిదింటికీ మార్కులు వేసుకోవాలి. ఎప్పుడూ లేదు అంటే 0, అన్ని వేళలా అంటే 5. మొత్తం 25కి. 13 కంటే తక్కువ వస్తే డాక్టరునో మానసిక నిపుణులనో కలవడం మంచిది. ఇది రోగ నిర్ధారణ కాదు, తలుపు తట్టవలసిన సమయం వచ్చిందని చెప్పే గుర్తు మాత్రమే. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తుంటే మాత్రం మార్కులతో పని లేదు. ఆ రోజే దగ్గరివారికి చెప్పండి, సహాయ కేంద్రానికి ఫోను చేయండి, లేదా ఆసుపత్రికి వెళ్లండి.

తక్కువ మార్కులు వస్తే అది మీ ఒక్కరి బలహీనత అనుకోనక్కరలేదు. కార్స్టెన్ పాల్, క్లాస్ మోజర్ అనే జర్మన్ పరిశోధకులు 2009లో మూడు వందలకు పైగా అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. ఉద్యోగం ఉన్నవారిలో 16 శాతం మందికి మానసిక సమస్యలు ఉంటే, లేనివారిలో 34 శాతం మందికి ఉన్నాయి. అసలే మనోబలం లేనివాళ్లకే ఉద్యోగాలు పోతాయేమో అన్న అనుమానం కొందరికి ఉంటుంది. అదీ కొంత ఉందిగాని చిన్నది. ఒకే మనుషులను కొన్నేళ్లపాటు వెంబడించి చూసిన అధ్యయనాల్లో ఉద్యోగం పోయాక స్థితి దిగజారింది, దొరికాక మెరుగైంది. దెబ్బ కొట్టేది నిరుద్యోగమే.

అదే అంకెలను తిప్పి చదవండి. ఉద్యోగం లేనివారిలో కూడా మూడింట రెండు వంతుల మంది ఆ సమస్యల పాలు కాలేదు. వాళ్లు ఎలా నిలబడ్డారన్నదే మనకు పనికొచ్చే ప్రశ్న.

అయిదు గడులు

ఇప్పుడు అసలు పేజీకి వద్దాం. దీని వెనుక ఒక ఊరు ఉంది. ఆస్ట్రియాలో, వియన్నాకు దగ్గరగా, మరియెన్‌టాల్ అనే చిన్న ఊరు ఒకే ఒక బట్టల మిల్లు మీద బతికేది. 1929-30లో మిల్లు మూతపడింది. ఊళ్లో ఉన్న 478 కుటుంబాల్లో అధిక భాగానికి సంపాదించేవారు లేకుండా పోయారు. 1931 చివర మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ ట్సైజెల్ అనే యువ పరిశోధకులు, వారి బృందం ఆ ఊరిని అధ్యయనం చేశారు. యహోడాకు అప్పటికి ఇంకా పాతికేళ్లు రాలేదు. ఊరికే చూసి రాసుకోవడం వాళ్లకు నచ్చలేదు. ఊరివాళ్లకు బట్టలు సేకరించి పంచారు, కుట్టుపని నేర్పించారు, వైద్య సలహా ఏర్పాటు చేశారు. ఆ పనులు చేస్తూనే సమాచారం సేకరించారు. పరిశోధకులందరూ ఇలా ఉంటే ఎంత బాగుండేదో.

వాళ్లు చూసింది ఆ రోజుల్లో ఎవరూ ఊహించనిది. తీరిక దొరికింది కాబట్టి జనం బాగా చదువుతారనీ, సంఘాల్లో, రాజకీయాల్లో చురుగ్గా ఉంటారనీ, వీలైతే తిరగబడతారనీ చాలామంది అనుకున్నారు. కానీ గ్రంథాలయంలో రుసుము ఎత్తివేసినా జనం తీసుకెళ్లే పుస్తకాలు రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్లు చేతి గడియారాలు, జేబు గడియారాలు తీసి పక్కన పెట్టేశారు. పరిశోధకులు పెద్ద వీధిలో జనం నడక వేగాన్ని కొలిచారు. మగవాళ్లు ఆగి ఆగి నడిచారు, ఆడవాళ్లు చకచకా వెళ్లారు. ఆడవాళ్లకు జీతం పోయిందిగాని ఇంటిపని పోలేదు కదా. రోజంతా ఏం చేశారో గంట గంటకూ రాయమని మగవాళ్లకు కాగితాలిస్తే, లేవడం, తినడం, పడుకోవడం తప్ప గుర్తుండేది ఏదీ వాటిలో లేదు. చేయడానికి ఏ పనీ లేని భర్త మధ్యాహ్నం భోజనానికి కూడా వేళకు రావడం లేదని ఒక భార్య వాపోయింది.

దశాబ్దాల తర్వాత, 1980ల మొదట్లో, యహోడా ఈ అనుభవాన్ని ఒక సిద్ధాంతంగా కూర్చారు. ఉద్యోగం కంటికి కనిపించేలా ఇచ్చేది జీతం. కనిపించకుండా ఇచ్చేవి అయిదు. రోజుకు ఒక కట్టడి, ఇంటివాళ్లు కాని మనుషులతో పరిచయం, ఒక్కడి వల్ల కాని పెద్ద పనిలో పాలు, నలుగురిలో ఒక స్థానం, ఒంటినీ బుర్రనీ కదిలించే నిత్య వ్యాపకం. ఉద్యోగం చేసేటప్పుడు వీటిని ఎవరూ కోరి తెచ్చుకోరు, జీతం కోసం వెళ్తే అవి వెంట వస్తాయి. అందుకే పోయినప్పుడు ఏం పోయిందో కూడా తెలియదు.

నోటుపుస్తకం మూడో పేజీలో ఈ అయిదింటికీ అయిదు నిలువు గడులు గీయండి. పైన క్లుప్తంగా పేర్లు రాసుకోండి: వేళ, మనుషులు, ఉమ్మడి పని, స్థానం, వ్యాపకం. గత వారం మీకు దొరికినది ఎంతో ఒక్కో గడిలో 0 నుంచి 5 వరకు అంకె వేయండి. అంకె కింద రుజువు ఒక్క ముక్క రాయండి. "మనుషులు: 2, బుధవారం పాత సహోద్యోగితో అరగంట" అన్నట్లు. రుజువు లేని అంకె వేయవద్దు. అది ఆ రోజు మీ మూడ్‌ను చెబుతుందిగాని వారం సంగతి చెప్పదు.

తర్వాత అన్నిటికంటే తక్కువ ఉన్న గడిని మాత్రమే చుట్టేయండి. వచ్చే వారం పని దాని మీదే. అయిదింటినీ ఒకేసారి సరిచేయాలని బయలుదేరినవాళ్లు మూడో రోజుకు పుస్తకం మూసేస్తారు. ఎవరికి ఏ గడి తక్కువ ఉంటుందో ముందుగా చెప్పలేం. మంచాన పడ్డ అత్తగారిని రోజంతా చూసుకునే ఒకావిడ ఉమ్మడి పని గడిలో సున్నా వేశారు. వ్యాపకం మాత్రం 5. "ఇంత పని చేస్తూ సున్నా ఏమిటండీ?" అని అడిగితే, "ఇది లెక్కలోకి వచ్చే పని అని మా ఇంట్లో ఎవరూ అనరు కదా" అన్నారు. ఆవిడకు "ఖాళీగా ఉండకు" అన్న సలహా ఎంత దండగో ఆలోచించండి.

వేళ గడి

నా బృందంలో ఎక్కువమంది చుట్టేసేది ఇదే గడి. కాబట్టి కొంచెం వివరంగా.

చాలామంది చేసే మొదటి పని గంటల వారీగా పెద్ద పట్టిక వేసుకోవడం. ఆరుకు లేవడం, ఆరున్నరకు నడక, ఏడుకు... అది రెండు రోజులు నడుస్తుంది. మీకు మీరే పెట్టుకున్న వేళను మీరే మీరితే అడిగేవాడు ఉండడు. ఉద్యోగం కట్టడి ఇవ్వగలిగింది అవతల ఎవరో మీ కోసం ఎదురుచూస్తుండడం వల్ల. కాబట్టి పట్టిక వద్దు, రోజుకు రెండు గుంజలు చాలు. వాటిలో ఒక్కటైనా ఇంకొకరితో ముడిపడి ఉండాలి. పదింటికి గ్రంథాలయంలో ఇంకో నిరుద్యోగితో కూర్చోవడం కావచ్చు, పిల్లలను బడి నుంచి తీసుకురావడం కావచ్చు, ఒక తరగతికి హాజరు కావడం కావచ్చు. మీరు రాకపోతే ఎవరో ఒకరు "ఏమైంది?" అని ఫోను చేసే పని కావాలి.

ఉద్యోగం వెతకడానికి కూడా వేళ పెట్టండి, దానికి ముగింపు కూడా పెట్టండి. పొద్దున రెండు మూడు గంటలు చాలు. రోజంతా ప్రకటనలు తిరగేస్తూ ఉంటే అది వెతకడమూ కాదు, విశ్రాంతీ కాదు. ముందురోజు సాయంత్రమే "రేపు పదింటికి కుర్చీలో కూర్చోగానే ఫలానా సంస్థకు దరఖాస్తు తెరుస్తాను" అని ఎప్పుడు, ఎక్కడ, ఏది అన్నది వాక్యంగా రాసుకోండి. ఇలా సందర్భంతో ముడివేసిన సంకల్పాలు ఉత్త సంకల్పాల కంటే ఎక్కువగా నెరవేరతాయని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త పరిశోధనలు చూపించాయి. పెద్ద కిటుకేమీ కాదు, కానీ పనిచేస్తుంది.

మధ్యాహ్నాలు హాయిగా గడిస్తే తప్పు చేసినట్లు అనుకోవద్దు. జర్మనీలో 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, నిరుద్యోగులు జీవితం మొత్తం మీద అసంతృప్తిగా ఉన్నామన్నారు. కానీ రోజులో ఒక్కో పని చేస్తున్నప్పుడు ఎలా ఉందో అడిగితే, మొత్తం మీద ఉద్యోగస్తుల కంటే వాళ్లకు దినం దుర్భరంగా ఏమీ గడవలేదు. ఆఫీసులో గడిపే వేళను వాళ్లు కాస్త ఇష్టమైన పనుల్లో గడుపుతున్నారు మరి. మంచి మధ్యాహ్నం దొరికితే తీసుకోండి, దానికి సంజాయిషీ అక్కరలేదు.

వారానికి కొన్ని గంటల కూలి పనో, పార్ట్ టైమ్ పనో దొరికితే "ఇది నా స్థాయి కాదు" అని తోసేసేముందు ఒక సంగతి తెలుసుకోండి. బ్రిటన్‌లో 70 వేల మందికి పైగా సమాచారంతో 2019లో వెలువడిన పరిశోధనలో, వారానికి ఎనిమిది గంటల జీతపు పని దొరికినా మానసిక సమస్యల ముప్పు సగటున 30 శాతం తగ్గింది. ఎనిమిది నుంచి నలభై గంటలకు పెంచినా అదనంగా ఒరిగింది పెద్దగా లేదు. ఆ గంటలతో అద్దె కట్టలేం, నిజమే. మొదటి పేజీ లెక్క వేరు, మూడో పేజీ లెక్క వేరు.

మనుషుల గడి

దగ్గరి స్నేహితులు ఓదార్పు ఇస్తారు, ఉద్యోగాల కబురు మాత్రం తరచు దూరపు పరిచయాల నుంచే వస్తుంది. మార్క్ గ్రానోవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో ఈ మాట చెప్పారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికించుకున్నవారిని ఆయన అడిగితే, ఆ పరిచయస్తుణ్ణి తరచుగా కలిసేవాళ్లమని చెప్పినవారు 17 శాతమే. అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్లమన్నవారు మిగతా అందరూ. మీకు దగ్గరివాళ్లకు తెలిసిన ఉద్యోగాలు మీకూ తెలిసే ఉంటాయి. 2022లో లింక్డ్ఇన్‌లో రెండు కోట్ల మందితో చేసిన ప్రయోగాల్లోనూ మరీ దగ్గరా మరీ దూరమూ కాని పరిచయాలే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

కాబట్టి నాలుగో పేజీలో ఏడాదికి పైగా మాట్లాడని పాత సహోద్యోగుల, సహాధ్యాయుల పేర్లు రాయండి. వారానికి ముగ్గురు. ఉద్యోగం అడగవద్దు, ఇవ్వలేనివాళ్లు ఇబ్బందిపడి తప్పించుకుంటారు. సమాచారం అడగండి. నేను రాయించే ముక్క ఇది: "నమస్కారం అండీ. మనం ఫలానా చోట కలిసి పనిచేశాం. గత నెల నా ఉద్యోగం పోయింది. సరుకు నిల్వల లెక్కలు చూడటంలో నాకు అనుభవం ఉంది. మీ రంగంలో ఇప్పుడు ఈ పనికి ఎలాంటి సంస్థలు మనుషులను తీసుకుంటున్నాయో పది నిమిషాలు మాట్లాడగలరా?" ఇందులో దాపరికం లేదు, దేబిరింపూ లేదు. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

ఉమ్మడి పని, వ్యాపకం

ఈ రెంటికీ ఎక్కువ చెప్పను. వ్యాపకం ఇంట్లోనూ దొరుకుతుంది. ఉమ్మడి పని మాత్రం బయటే దొరుకుతుంది. సేవాసంస్థలో చేరితే నిర్ణీత రోజు, నిర్ణీత బాధ్యత ఉన్న చోటనే చేరండి. "వీలైనప్పుడు రండి" అనే చోట ఏమీ ఒరగదు. ఉచితంగా పనిచేయించుకుంటూ "ఉద్యోగం ఇస్తాం" అని నెలలకొద్దీ ఊరించేవారు ఉంటారు. గడువు రాతపూర్వకంగా ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

ఫ్రయర్, రాయ్ పేన్ 1984లో ఉద్యోగం లేకపోయినా నిబ్బరంగా ఉన్న పదకొండు మందిని వెతికి పట్టుకుని మాట్లాడారు. వాళ్లకూ డబ్బు కష్టాలు ఉన్నాయి. తేడా ఏమిటంటే, తమకు విలువైనదనిపించే ఏదో ఒక పనిని తామే ఎంచుకుని, నలుగురితో కలిసి నడుపుతున్నారు. పదకొండు మంది కొద్దిమందే, అందరూ అలా ఉండగలరని దీన్ని బట్టి చెప్పకూడదు. అలా ఉండటం సాధ్యమేనని మాత్రం చెప్పవచ్చు.

స్థానం గడి

ఉద్యోగం పురుష లక్షణం అన్న మాట ఎంతమంది మగవాళ్లను పెళ్లిళ్లకు వెళ్లకుండా ఆపిందో! పాల్, మోజర్ల విశ్లేషణలోనూ నిరుద్యోగం దెబ్బ ఆడవాళ్ల కంటే మగవాళ్లకు గట్టిగా తగిలింది. ఈ గడి విచిత్రమైనది. జర్మనీలో 2014లో ప్రచురించిన ఒక పరిశోధనలో, చాలాకాలం నిరుద్యోగులుగా ఉన్నవారు పదవీ విరమణ వయసుకు చేరగానే వారి జీవిత సంతృప్తి పెరిగింది. వాళ్ల రోజులో ఏమీ మారలేదు. నిరుద్యోగి అన్న పేరు పోయి విశ్రాంత ఉద్యోగి అన్న పేరు వచ్చింది. అంతే.

పేరు మార్చుకోవడం మన చేతిలో లేదుగాని, "ఇప్పుడేం చేస్తున్నారు?" అన్న ప్రశ్నకు జవాబు మన చేతిలో ఉంది. అది ముందే రాసి పెట్టుకోండి, పైకి చదివి చూసుకోండి. మూడు భాగాలు: నేను చేసే పని ఏమిటి, ఇప్పుడు ఏం వెతుకుతున్నాను, ఈ వారం ఏం చేస్తున్నాను. "నేను యంత్రాల మరమ్మతు చేస్తాను. మా ఫ్యాక్టరీ మూతపడింది, కొత్తచోట చూస్తున్నాను. ఈ నెల కంప్యూటర్‌తో నడిచే యంత్రాల కోర్సుకు వెళ్తున్నాను." వృత్తిని వర్తమానంలోనే చెప్పండి. ఉద్యోగం పోయినంత మాత్రాన నైపుణ్యం పోదు. నా బృందంలో "చేసేవాణ్ణి" అని మొదలుపెట్టిన ప్రతి ఒక్కరినీ ఆపి "చేస్తాను" అని మళ్లీ చెప్పిస్తాను. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

ఈ గడులు నోటి మాటలతో పూర్తిగా నిండవని ఒప్పుకోవాలి. మరియెన్‌టాల్ ఇప్పుడు గ్రామట్‌నాయ్‌సీడ్ల్ అనే పురపాలికలో భాగం. అక్కడ 2020 అక్టోబరులో ఒక ప్రయోగం మొదలైంది. ఏడాదికి పైగా పని లేనివారందరికీ తప్పకుండా జీతపు పని ఇస్తామన్నారు, చేరడం వాళ్ల ఇష్టం. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాన్ని పరిశీలిస్తే ఆదాయ భద్రతతో పాటు రోజుకు కట్టడి, మనుషుల పరిచయం, స్థానం వంటివీ మెరుగయ్యాయి. శారీరక ఆరోగ్యంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అసలు మందు నిజమైన ఉద్యోగమే. అది దొరికే దాకా మనిషి చెడిపోకుండా ఉండడానికే ఈ నోటుపుస్తకం.

తిరస్కారానికి ముందే సిద్ధం కావడం

మిచిగన్ విశ్వవిద్యాలయంలో 1980లలో నిరుద్యోగుల కోసం ఒక శిక్షణ తయారైంది. దాని తర్వాతి రూపంలో అయిదు పూటలు, పూటకు నాలుగు గంటలు. దరఖాస్తు, ఇంటర్వ్యూ మెళకువలు ఎక్కడైనా నేర్పుతారు. ఇందులో ప్రత్యేకత ఏమిటంటే ఎదురుదెబ్బలను ముందే ఊహించి వాటికి జవాబు తయారుచేసుకోవడం. రెండేళ్ల తర్వాత చూసినా శిక్షణ పొందినవారిలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా ఉన్నాయి. మొదట్లో ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారికే ఎక్కువ మేలు జరిగింది. 2014లో 47 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో ఇలాంటి శిక్షణలు పొందినవారికి ఉద్యోగం దొరికే అవకాశం మిగతావారి కంటే 2.67 రెట్లు ఉంది. నైపుణ్యం, పట్టుదల రెండూ నేర్పినవే బాగా పనిచేశాయి, ఏదో ఒక్కటి నేర్పినవి అంతగా చేయలేదు.

ఇంట్లో ఇలా చేయండి. పేజీని రెండుగా మడవండి. ఎడమ వైపు ఈ నెలలో ఎదురుకాగల మూడు దెబ్బలు: "చివరి ఇంటర్వ్యూ దాకా పిలిచి కబురు చేయరు", "వయసు ఎక్కువ అంటారు", "తమ్ముడు అందరి ముందు ఏదో అంటాడు". కుడి వైపు ఒక్కోదానికి ఆ రోజే చేసే పని: "వారం ఆగి ఒక మెయిలు పంపుతాను, అదే రోజు ఇంకో దరఖాస్తు వేస్తాను". దెబ్బ తగిలిన రోజున బుర్ర పనిచేయదు. పనిచేసే రోజున రాసిపెట్టుకోవాలి.

కోపం లోపలే ఉండిపోయినవారికి ఇంకొకటి. మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నబేకర్, ఆయన సహచరులు 1994లో, ఉద్యోగాలు పోయిన 63 మందిలో కొందరి చేత అయిదు రోజులు రోజుకు ఇరవై నిమిషాలు ఆ పోవడం గురించి లోపలున్నదంతా రాయించారు. వాళ్లకు మిగతావారి కంటే త్వరగా ఉద్యోగాలు దొరికాయి. వాళ్లేమీ ఎక్కువ దరఖాస్తులు వేయలేదు, ఎక్కువ ఫోనులు చేయలేదు. ఇంటర్వ్యూలో పాత యజమాని మీద అక్కసు కనిపించకపోవడమే కారణం కావచ్చని పరిశోధకుల ఊహ. చిన్న అధ్యయనమే. కానీ అటు బల్ల వెనుక ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ అక్కసు గది తలుపు తీయకముందే తెలిసిపోతుంది. ఈ రాత నోటుపుస్తకంలో వద్దు. విడి కాగితాల మీద రాసి చింపేయండి.

ఏ ఉద్యోగమైనా పరవాలేదా?

లేదు. ఆస్ట్రేలియాలో ఏడు వేల మందికి పైగా సమాచారంతో 2011లో వెలువడిన అధ్యయనంలో, అధమ స్థాయి ఉద్యోగాల్లో ఉన్నవారి మానసిక ఆరోగ్యం నిరుద్యోగుల కంటే ఏమీ మెరుగ్గా లేదు. నిరుద్యోగం నుంచి అలాంటి ఉద్యోగంలోకి వెళ్లినవారి స్థితి ఇంకా దిగజారింది. వాళ్లు చూసిన అంశాలు నాలుగు: పని ఒత్తిడి, పని మీద మనకుండే పట్టు, ఉద్యోగ భద్రత, కష్టానికి తగిన జీతం. ఉద్యోగం చేతికి వచ్చినప్పుడు ఈ నాలుగూ రాసి చూడండి. రెండు బాగుంటే చేరవచ్చు. నాలుగూ చెడ్డవై, మొదటి పేజీలో మూడో అంకె ఇంకా కొంత మిగిలి ఉంటే వదిలేయడమే నయం. అంకె మిగలకపోతే చేరండి, చేరి వెతుకుతూనే ఉండండి. ఇది నా అభిప్రాయం. అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నవారికి ఎంపిక గురించి పాఠం చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఇంట్లోవారికి ఒక్క మాట. "ఏమైనా దొరికిందా?" అని రోజూ అడగవద్దు. వారానికి ఒక రోజు పెట్టుకుని, ఆ రోజు నోటుపుస్తకం కలిసి చూడండి.

ఉద్యోగం దొరికాక

పుస్తకం అప్పుడే మూసేయకండి. జర్మనీలో 24 వేల మందిని పదిహేనేళ్లపాటు గమనించిన పరిశోధన 2004లో వచ్చింది. నిరుద్యోగం పాలైనవారి జీవిత సంతృప్తి, మళ్లీ ఉద్యోగం వచ్చాక కూడా, సగటున పాత స్థాయికి పూర్తిగా చేరలేదు. కాబట్టి చేరిన రెండు నెలలకు కూడా హుషారు రాకపోతే కంగారుపడకండి, "ఇంకా ఏమిటి నీకు?" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. రెండు వారాలకు ఒకసారి ఆ అయిదు వాక్యాలకూ మార్కులు వేస్తూ ఉండండి. 13 కంటే తక్కువే వస్తుంటే ఉద్యోగం ఉన్నా సరే డాక్టరును కలవండి. చేరిన వారంలోనే నాలుగో పేజీ తీసి, మీరు కబురు పంపిన ప్రతి ఒక్కరికీ ఎక్కడ చేరారో రెండు వాక్యాలు రాయండి, జవాబివ్వనివారికి కూడా.